మీ గుర్రం సాధువా, లోలోపల నలిగిపోతోందా? దీర్ఘకాలిక ఒత్తిడిని గుర్తించి తగ్గించే సమగ్ర మార్గదర్శి

పెళ్లి బరాత్ కోసమో, బీచ్‌లో పిల్లల సవారీ కోసమో, రైడింగ్ స్కూలు కోసమో, ఊరికే ముచ్చటపడో గుర్రాన్ని పెంచేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో చాలామంది దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంటారు. పొద్దున్నే ఒళ్లు రుద్దుతారు, ఉలవ గుగ్గిళ్లు పెడతారు, ఈగలు ముసరకుండా సాయంత్రం పొగ వేస్తారు. అయినా ఆ గుర్రం నెలల తరబడి కుంగిపోతూ ఉండొచ్చు. అందుకు ఎవరూ దాన్ని కొట్టక్కర్లేదు. రోజులో ఇరవై గంటలు ఒకే గుంజకు కట్టి ఉండటం, పక్కన ఇంకో గుర్రం లేకపోవడం, రెండు పూటల దాణా మధ్య కడుపు ఖాళీగా ఉండటం, ఈ మూడూ చాలు.

టెన్షన్‌లో ఉన్న గుర్రం అనగానే మనకు చెవులు నిక్కించి, కళ్లు పెద్దవి చేసి, ఎగిరెగిరి పడే గుర్రం గుర్తొస్తుంది. అది అప్పటికప్పుడు పుట్టిన భయం. ఎక్కువకాలం నలిగిన గుర్రం చాలాసార్లు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోతుంది. చూసినవాళ్లు “ఎంత సాధువో, ఎవరు ఎక్కినా ఏమీ అనదు” అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది.

ఒకటి రెండు గుర్రాలున్న ఇంటి నుంచి చిన్న తబేలా దాకా పనికొచ్చేలా దీన్ని ఏడు మెట్లుగా రాస్తున్నాను. మెట్ల వరుస ముఖ్యం. నొప్పి ఉందో లేదో తేల్చుకోకుండా ట్రైనింగ్ మొదలుపెడితే, కడుపు సరిచేయకుండా అలవాట్లు మాన్పించబోతే, గుర్రానికి బాధ పెరుగుతుంది.

ముందుగా: దాని ఒళ్లు ఏ బతుకు కోసం తయారైంది

ఇవాళ ప్రపంచమంతా ఉన్న పెంపుడు గుర్రాల మూలం రష్యా దక్షిణాన వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాల్లో ఉందని, దాదాపు 4200 ఏళ్ల కిందట అక్కడి నుంచే అవి అన్ని దిక్కులకూ పాకాయని 2021లో వచ్చిన పురాతన డీఎన్‌ఏ పరిశోధన తేల్చింది. మనిషి ఏ గుణాలను ఎంచుకున్నాడో కూడా ఆ డీఎన్‌ఏలో ఆనవాళ్లు దొరికాయి. గట్టిగా ఎంపికైన రెండు జన్యువుల్లో ఒకదానికి వెన్నుతో సంబంధం ఉంది, ఇంకొకదానికి భయాన్నీ మూడ్‌నూ అదుపులో ఉంచడంతో. మోసే వీపునీ, తొందరగా బెదరని గుణాన్నీ తరతరాలుగా ఏరుకున్నాం. దాని కడుపు పనిచేసే తీరు, తిరగాలనే తపన, మంద లేనిదే కుదుటపడని మనసు మాత్రం అలాగే ఉండిపోయాయి.

స్వేచ్ఛగా బతికే గుర్రాలు రోజుకు దాదాపు 15, 16 గంటలు మేస్తాయి. నాలుగు పరకలు కొరికి ఒక అడుగు, మళ్లీ నాలుగు పరకలు కొరికి ఇంకో అడుగు, ఇలా రోజు గడిచేసరికి కిలోమీటర్ల కొద్దీ నడిచేస్తాయి. ఎప్పుడూ గుంపులోనే ఉంటాయి. కొన్ని పడుకుంటే ఒకటైనా నిలబడి కాపు కాస్తుంది. మన తబేలాలో ఈ దినచర్య మొత్తం తలకిందులవుతుంది.

భయం వేసినప్పుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, గుర్రం పరుగెత్తుతుంది, ప్రమాదం దాటాక ఒళ్లు సర్దుకుంటుంది. కట్టేసిన గుర్రం పరుగెత్తలేదు, దాన్ని ఇబ్బంది పెట్టే పరిస్థితి రేపూ ఎల్లుండీ అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ వ్యవస్థే మొద్దుబారుతుంది. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బాగా దెబ్బతిన్న గుర్రాల్లో కార్టిసాల్ పెరగడానికి బదులు తగ్గి ఉండటం గమనించారు. కాబట్టి ఒక్క రక్తపరీక్షలో “నార్మల్” వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఓపిగ్గా చూసే కళ్లు అంతకన్నా ఎక్కువ చెబుతాయి.

మొదటి మెట్టు: వారం రోజులు ఏమీ మార్చకుండా గమనించండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున చూడండి: పొద్దున దాణాకు ముందు ఒకసారి, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి. మీరు ఎదురుగా నిలబడితే గుర్రం మిమ్మల్నే చూస్తుంది, దాని మామూలు తీరు కనిపించదు. దూరంగా కూర్చోండి, లేదా పాత ఫోన్‌ను గోడకు కట్టి వీడియో తీయండి. రాత్రి చూపు కోసం చవక సీసీ కెమెరా అయినా చాలు. వారం దాకా మేతా, చోటూ, పనీ ఏవీ మార్చొద్దు. ఇప్పుడున్న స్థితి రాసుకోకపోతే రేపు మెరుగైందో లేదో తెలుసుకునే దారి ఉండదు.

ముందు నిలబడే తీరు చూడండి. కునుకు తీసే గుర్రం మెడ కాస్త దించుతుంది, రెప్పలు సగం మూస్తుంది, కింది పెదవి వదిలేస్తుంది, ఒక వెనక కాలు తేలిక చేసి గిట్ట కొన మీద ఆనిస్తుంది. కుంగిపోయిన గుర్రం అలా ఉండదు. మెడ వీపుతో సమానంగా చాచినట్టు ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి కానీ చూపు ఎక్కడా ఆనదు, చెవులు తిరగవు, ముఖం తరచూ గోడ వైపే. బకెట్ చప్పుడైనా తల తిప్పదు. 2012లో రెన్ బృందమే ఈ స్థితిని వివరంగా నమోదు చేసి, మనుషుల డిప్రెషన్‌తో పోల్చి చూసింది. రోజులో ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు అలా నిలబడుతోందో రాయండి.

తర్వాత ముఖం. 2014లో పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పిని గుర్తించే ఒక కొలమానం తయారుచేశారు. అందులో చూసేవి ఆరు: బిగిసి వెనక్కి తిరిగిన చెవులు, సగం ముడుచుకున్న కంటి రెప్పలు, కంటిపైన ఎముక పొడుచుకొచ్చినట్టు కనిపించే బిగువు, దవడ కండరం ఉబ్బడం, మూతి బిగబట్టి గడ్డం ముందుకు రావడం, ముక్కుపుటాలు బిగుసుకుపోవడం. మొదటి రెండు రోజులూ తేడా తెలియకపోవచ్చు. గుర్రం హాయిగా మేస్తున్నప్పుడు ఒక ఫొటో తీసి పక్కన పెట్టుకుంటే మూడోరోజుకల్లా కన్ను అలవాటు పడుతుంది.

పదే పదే చేసే పనులు కూడా రాసుకోండి. గాడి అంచునో తలుపు పైభాగాన్నో పై పళ్లతో పట్టుకుని, మెడ బిగించి, గుర్రుమని గాలి లాగడం ఒకటి (దీన్నే కింద కొయ్య కొరకడం అన్నాను). చేసే గుర్రానికి ముందు పళ్లు అరిగి ఉంటాయి, కొయ్య అంచు నున్నగా గుంట పడి ఉంటుంది. ముందుకాళ్ల మీద బరువు అటూ ఇటూ మార్చుతూ తల ఊపుతూనే ఉండటం ఇంకొకటి. అదే దారిలో చుట్టూ తిరగడం మరొకటి. వీటిని పొగరనో, దెయ్యం పట్టిందనో అనుకునేవాళ్లు ఉన్నారు. గడ్డికీ తోటి గుర్రాలకూ దూరమైన ప్రాణి తట్టుకోవడానికి వెతుక్కున్న దారులవి.

రాత్రి వీడియోలో మీరు వెతకాల్సింది ఒక్కటే: గుర్రం పడుకుందా? నిలబడి కునుకు తీయగలదు గానీ గాఢమైన కలనిద్ర పడుకుంటే తప్ప రాదు. రోజుకు కనీసం అరగంటైనా ఆ నిద్ర కావాలి. వారాల తరబడి పడుకోని గుర్రం నిలబడే మగతలోకి జారి, ముందుకాళ్లు ముడుచుకుపోయి ముందుకు పడబోయి ఉలిక్కిపడి లేస్తుంది. ముందుకాళ్ల చీలమండల ముందు వైపు వెంట్రుక ఊడి, మానీమానని మచ్చలు కనిపిస్తే వేళ్లతో తడిమి చూడండి. అక్కడ చర్మం మందంగా, గరుకుగా ఉంటే కెమెరా ఆ రాత్రే పెట్టండి.

నాడి కూడా చూడటం నేర్చుకోండి. దవడ ఎముక లోపలి అంచున రక్తనాళం వేలికి తగులుతుంది. ప్రశాంతంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా మామూలు. విశ్రాంతిలోనూ ఎప్పుడూ 50 దాటుతుంటే నొప్పి, జ్వరం, భయం, వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టే.

రెండో మెట్టు: నొప్పిని తేల్చుకోండి

నోట్‌బుక్, వీడియోలు తీసుకుని గుర్రాలు చూసిన అనుభవం ఉన్న వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పళ్ల అంచులు పదునెక్కి బుగ్గలు కోస్తున్నాయా, గిట్టలు పెరిగిపోయాయా, జీను కింద వీపు నొక్కుతున్నప్పుడు జంకుతోందా, ఇవి చూపించండి. దాణా వదిలేసి గడ్డి మాత్రం తినడం, జీను నిలిపే పొట్టపట్టా బిగించేటప్పుడు కరవబోవడం, ఒళ్లు తగ్గడం కనిపిస్తే కడుపులో పుళ్ల గురించి గట్టిగా అడగండి. రేసు శిక్షణలో ఉన్న గుర్రాల్లో సగానికి పైగా ఈ పుళ్లు ఉంటాయని ఎన్నో దేశాల అధ్యయనాల్లో తేలింది. ఖాయంగా చూడాలంటే ఎండోస్కోపీ కావాలి. మందుల షాపులో ఒమెప్రజోల్ (ఆమ్లం తగ్గించే మందు) కొని మీరే పోయకండి, మోతాదు డాక్టర్ చెప్పాలి. కుంటితే చాలు నొప్పి ఇంజెక్షన్ వేయించే అలవాటు ఉంటే మానుకోండి. ఆ మందులే కడుపులో పుళ్లు చేస్తాయి.

నోట్లో పెట్టే కళ్లెం చేత్తో పట్టి చూడండి. ముళ్లున్న కళ్లెం ఉంటే ఇవాళే తీసి పారేయండి. బండి లాగే, బరువు మోసే జంతువులకు ముళ్ల కళ్లేలు వాడటాన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. ముక్కుపట్టా కింద, ముక్కు ఎముక మధ్యలో మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి.

మూడో మెట్టు: కడుపు ఖాళీగా ఉండనివ్వొద్దు

మార్పు అంతా ఇక్కడి నుంచే మొదలు కావాలి. మిగతావి ఎంత చేసినా ఇది కుదరకపోతే ఫలితం కనపడదు. మనిషి కడుపులో ఆమ్లం తిండి వేళకు పెరుగుతుంది. గుర్రం కడుపులో అది రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చేది లాలాజలం. లాలాజలం ఊరేది నమిలినప్పుడు మాత్రమే. గడ్డి నమిలితే ఊరినంత లాలాజలం గింజ నమిలితే ఊరదు. పొద్దున ఏడుకు దాణా వేసి సాయంత్రం ఐదు దాకా ఏమీ పెట్టకపోతే ఆ పది గంటలూ ఆమ్లం కడుపు గోడల్ని తినేస్తుంది. నాలుగైదు గంటలకు మించి మేత లేకుండా ఉంచకూడదన్న నియమం అందుకే వచ్చింది.

ముందు బరువు లెక్క కట్టండి, టేపు ఒక్కటి చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివర దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 145 ఉన్న గుర్రం బరువు దాదాపు 312 కిలోలు. రోజుకు దాని బరువులో 2 శాతం ఎండు మేత అనుకుంటే ఆరు కిలోల పైచిలుకు. ఎట్టి పరిస్థితిలోనూ ఒకటిన్నర శాతం తగ్గొద్దు. పచ్చిగడ్డిలో నీరే ఎక్కువ కాబట్టి అదే ఆరు కిలోల కోసం పాతిక, ముప్పై కిలోల పచ్చిమేత కావాలి. ఒక చిన్న కట్ట పడేసి “బాగానే తింటోంది” అనుకునే ఇళ్లలో ఈ లెక్క వేసి చూస్తే అవసరంలో సగం కూడా ఉండదు.

మన దగ్గర దొరికే మేతల్లో ఆరిన గరిక అన్నిటికన్నా మేలు. లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం) దొరికితే రోజూ కొద్దిగా కలపండి, అందులోని కాల్షియం కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. వరిగడ్డిలో బలం తక్కువ, కానీ రాత్రిపూట నములుతూ ఉండటానికి మంచి గడ్డితో కలిపి వేయొచ్చు. నేపియర్ గడ్డి మాత్రమే నెలల తరబడి మేపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. దానికి తోడు గోధుమ పొట్టో, వరి తవుడో ఎక్కువ పెడితే వాటిలోని ఫాస్ఫరస్ కూడా కలిసి ఎముకలు బలహీనపడతాయి, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. పచ్చి జొన్న గుర్రాలకు వద్దే వద్దు. బూజు పట్టిన మొక్కజొన్న మెదడును దెబ్బతీస్తుంది. పశువుల దాణా, కోళ్ల దాణా మిగిలిందని గుర్రానికి పెట్టకండి. వాటిలో కొన్నిటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు పూటలు. ఉన్న మేతనే ఐదారు భాగాలు చేయండి: తెల్లవారుజామున, పది గంటలకు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పది తర్వాత పెద్ద భాగం. అన్నిటికన్నా ఎక్కువ ఖాళీ రాత్రే ఉంటుంది కాబట్టి పెద్ద భాగం అప్పటికి ఉంచాలి. చిన్న రంధ్రాల వల సంచిలో గడ్డి నింపితే గంటలో తినేసేది అంతకన్నా చాలాసేపు తింటుంది. గిట్ట ఇరుక్కోకుండా కట్టాలి. ఇసుక నేల మీద మేత చల్లొద్దు, ఇసుక పేగుల్లో చేరి శూల నొప్పి తెస్తుంది. బార్లీ లాంటి గింజ 300 కిలోల గుర్రానికి పూటకు అర కిలో దాటనివ్వకండి. పనికి వెళ్లే ముందు అరగంట, గంట కాస్త గడ్డి తిననివ్వండి. కడుపులో గడ్డి పేరుకుని ఉంటే నడిచేటప్పుడు ఆమ్లం పైకి చిమ్మదు. ఏ మార్పైనా ఒకటిన్నర, రెండు వారాల్లో మెల్లగా చేయండి.

ఇక్కడ ఒక మాట. మేత ఐదుసార్లు వేయాలంటే గుర్రాన్ని చూసుకునే సాయీసుకు పని పెరుగుతుంది. జీతం, నిద్ర వేళలు ఏమీ మార్చకుండా హుకుం మాత్రం జారీ చేస్తే నాలుగో రోజుకే ఆగిపోతుంది. ముందు ఆయనతో కూర్చుని మాట్లాడండి. గుర్రం గురించి ఆయనకు తెలిసినంత యజమానికి చాలాసార్లు తెలియదు.

నీళ్లు ఎప్పుడూ అందేలా ఉండాలి. 300 కిలోల గుర్రానికి చల్లటి రోజుల్లో 15, 20 లీటర్లు సరిపోతాయి, మన మే నెల ఎండల్లో దానికి రెట్టింపు తాగినా ఆశ్చర్యం లేదు. ఉప్పు గడ్డ నాకడానికి పెట్టండి.

నాలుగో మెట్టు: తోడు

ఒంటరి గుర్రానికి మీరు ఎంత ప్రేమ పంచినా మంద లోటు తీరదు. మీరు రాత్రి ఇంట్లో పడుకుంటారు. అది చెవులు నిక్కించి తనకు తానే కాపలా కాసుకుంటుంది, అందుకే పడుకోదు. స్విట్జర్లాండ్ 2008లో జంతు సంరక్షణ నిబంధనలు మార్చి, ప్రతి గుర్రానికీ ఇంకో గుర్రం కనపడాలి, వినపడాలి, వాసన తగలాలి అని రాసుకుంది. గుర్రాలను గుంజకు కట్టి పెంచడాన్ని కూడా, ఐదేళ్ల గడువిచ్చి, ఆపేసింది. అక్కడి చలికీ మన ఎండకూ పోలిక లేకపోవచ్చు గానీ గుర్రం మనసు రెండు చోట్లా ఒకటే.

రెండు గుర్రాలుంటే మధ్య నిండు గోడ కట్టకండి. నిలువు కడ్డీలు పెట్టి, తలలు దాటి మెడలు గీరుకునేంత సందు ఇవ్వండి. గుర్రాలు ఒకదానికొకటి మూపు దగ్గర, మెడ జూలు మొదట్లో పళ్లతో గీరుకుంటాయి. 1993లో ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధనలో సరిగ్గా ఆ చోట గీరితే గుండె వేగం తగ్గిందని తేలింది. మీరూ అదే చేయొచ్చు. మూపు దగ్గర నాలుగు వేళ్లతో గట్టిగా, నెమ్మదిగా గీరండి. కాసేపటికి పై పెదవి సాగి వణికితే, మెడ వాల్చితే, మీరు సరైన చోటే ఉన్నారు. నుదుటి మీద టపటపా తట్టడం మనకు ముద్దు గానీ దానికి ఏమీ అనిపించదు.

కొత్త గుర్రాన్ని తెస్తే మొదటి రోజే కలిపేయొద్దు. కొన్ని రోజులు కంచెకు అటూ ఇటూ ఉంచి, ఆ తర్వాత విశాలమైన చోట, రెండు మూడు చోట్ల గడ్డి పెట్టి వదలండి. కూతలూ, చిన్నచిన్న తోపులాటలూ మామూలే. వెనక లాడాలు తీయించడం మంచిది. ఇంకో గుర్రం కొనే స్తోమత లేకపోతే గాడిదో, మేకో తోడు పెట్టండి. గుర్రానికి గుర్రం ఉన్నంత మేలు కాదు గానీ ఒంటరితనం కన్నా ఎంతో నయం.

ఐదో మెట్టు: కట్టు విప్పడం

ముందుకాళ్లకు, వెనక కాళ్లకు తాళ్లు కట్టి నిలబెట్టడం మన దగ్గర పాత అలవాటు. దాన్ని మానడానికి పెద్ద మైదానం అక్కర్లేదు. గట్టి కంచె వేసిన పది మీటర్ల చదరం దొరికినా, అందులో రోజూ కొన్ని గంటలు జీను, కళ్లెం లేకుండా వదలండి. గడ్డి ఒక మూల, నీళ్లు ఇంకో మూల, ఉప్పు మరో మూల పెడితే దానంతట అదే నడుస్తుంది. ముళ్లతీగ కంచె మాత్రం వద్దు. మొదటి రోజు పరుగులు తీస్తే భయపడి వెంటనే కట్టేయకండి. ఎన్నాళ్లుగానో కట్టేసి ఉంచిన ఒళ్లు అలాగే సాగుతుంది.

పడుకోవడానికి ఎండిన, మెత్తటి నేల కావాలి. సిమెంటు గచ్చు మీద ఏ గుర్రమూ ఇష్టంగా పడుకోదు. రంపపు పొట్టో, వరిగడ్డో మోకాలికి సుఖంగా ఉండేంత మందంగా పరవండి. మూత్రం తడిసిన చోటు రోజూ తీయాలి, ఆ ఘాటు ఊపిరితిత్తులకు చెరుపు. రాత్రి ట్యూబులైటు ఆపేయండి.

ఆరో మెట్టు: పని, ముఖ్యంగా బరాత్

గుర్రం చెవికి మనకు వినపడని ఎత్తు స్వరాలు కూడా వినపడతాయి. డీజే బండి పక్కన, టపాసుల మధ్య, కళ్లలోకి సెల్‌ఫోన్ లైట్లు కొడుతుండగా, పరిచయం లేని మనిషిని మోస్తూ రెండు మూడు గంటలు నిలబడటం దానికి ఎంత కష్టమో ఆలోచించండి. అలాంటి చోట కదలకుండా నిలబడ్డ గుర్రాన్ని చూసి అలవాటైపోయిందని అంటారు. కొన్నింటికి నిజంగా అలవాటై ఉండొచ్చు. కొన్ని తప్పించుకునే ఆశ వదిలేసుకుని ఉంటాయి. తేడా తెలియాలంటే నడక ఆగాక చూడండి: అలవాటైన గుర్రం పది నిమిషాల్లో గడ్డి అందుకుంటుంది, లద్దె మామూలుగా వేస్తుంది, నాడి దిగుతుంది. రెండోది గడ్డి ముందు పెట్టినా నిలబడే ఉంటుంది, లద్దె పల్చగా వేస్తుంది.

శబ్దానికి అలవాటు చేసే పద్ధతి ఇది. గుర్రం గడ్డి తింటున్నప్పుడు దూరంగా చిన్న స్పీకర్‌లో బ్యాండు రికార్డింగ్ చాలా తక్కువ శబ్దంతో పెట్టండి. దాని దవడనే చూస్తూ ఉండండి. నమలడం ఆగి తల పైకెత్తిందంటే ఆ శబ్దం ఎక్కువైనట్టే. తగ్గించండి. నమలడం మళ్లీ మొదలయ్యాక రెండు మూడు నిమిషాలు ఉంచి ఆపేయండి. ఇలా రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ వారాలు పోవాలి. తర్వాత తోడు గుర్రంతో కలిపి అసలు బ్యాండుకు వంద అడుగుల దూరంలో నిలబెట్టి గడ్డి పెట్టండి. ఒక్కసారే గుంపులోకి లాక్కెళ్లి “అదే అలవాటవుతుంది” అనడం వల్లే ఆశ వదులుకున్న గుర్రాలు తయారవుతాయి. టపాసులకు మాత్రం ఏ శిక్షణా పూర్తిగా పనిచేయదు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే పెళ్లివాళ్లకు చెప్పండి: గుర్రం ఉన్నంతసేపు టపాసులు కాల్చొద్దు, డీజే బండి దూరంగా ఉండాలి, సవారీ ఎంతసేపో ముందే తేలాలి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. మనిషి, జీను, అలంకారం అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. మనం లెక్కకట్టిన 312 కిలోల గుర్రానికి అది 62 కిలోలు. 80 కిలోల పెళ్లికొడుకును ఎక్కించడానికి వీల్లేదు, బేరం పోయినా సరే. బండి లాగే, బరువు మోసే జంతువులను రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి వాడకూడదని, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదని పైన చెప్పిన 1965 నిబంధనలే చెబుతున్నాయి. మన వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా నీడలోనే ఉంచడం మంచిది. వేడెక్కిన గుర్రం మీద చల్లటి నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్నది అపోహ. నీళ్లు పోస్తూనే ఉండండి, నడిపించండి, తాగనివ్వండి.

గట్టిపడ్డ అలవాట్ల సంగతి

కొయ్య కొరికే గుర్రానికి మెడ పట్టీ బిగించడం, తలుపుకు కారం పూయడం, కొట్టడం మానండి. పట్టీ తీసేయగానే ఆ అలవాటు మునుపటికన్నా ఎక్కువవుతుందని 1998 నాటి పరిశోధనలోనే కనిపించింది. ఇతర గుర్రాలు చూసి నేర్చుకుంటాయని దాన్ని విడిగా ఉంచడానికి కూడా గట్టి ఆధారం లేదు. విడిగా ఉంచితే ఒంటరితనం తోడవుతుంది. తల ఊపే గుర్రానికి తోడు దొరికితే చాలావరకు తగ్గుతుంది. తోడు కుదరకపోతే గోడకు పగలని అద్దం బిగించినా కొంత గుణం ఉంటుంది. కొయ్య కొరకడం మాత్రం ఏళ్లుగా నాటుకుంటే పచ్చిక బయల్లో వదిలినా పూర్తిగా పోకపోవచ్చు. అలాంటప్పుడు మేత, తోడు సరిచేసి, మొనలు లేని నున్నటి కొయ్య ఒకటి ఉంచి వదిలేయండి.

గుర్రపు పిల్లను కొనేవాళ్లకు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బ్రిటన్ పరిశోధకులు 225 గుర్రపు పిల్లల్ని నాలుగేళ్ల పాటు గమనించారు. తల్లిపాలు మాన్పించాక గింజ దాణా పెట్టిన పిల్లల్లో కొయ్య కొరికే అలవాటు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఐదారు నెలల పిల్లను తల్లి నుంచి లాగి, ఒంటరిగా లారీలో తెచ్చి, బలం రావాలని గింజ దట్టించడం కన్నా చెరుపు ఇంకోటి లేదు. ఏడాది నిండిన పిల్లను, వీలైతే కలిసి పెరిగిన జతను కొనండి.

ఏడో మెట్టు: మళ్లీ కొలవండి

మేత మార్చిన నెలకు, తోడు ఏర్పడిన నెలకు మొదటి మెట్టులోని గమనింపు మళ్లీ వారం పాటు చేయండి. పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి చూడండి. ముందు మారేవి లద్దె, ఆకలి, దాణా దగ్గర చిరాకు. తర్వాత రాత్రి పడుకోవడం మొదలవుతుంది. గోడవైపు నిలబడే సమయం తగ్గడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మధ్యలో ఒక విచిత్రం జరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి: ఇన్నాళ్లూ ఉలకని గుర్రం కళ్లెం చూసి తల తిప్పుకోవచ్చు, జీను వేస్తుంటే చెవులు వెనక్కి పెట్టొచ్చు. చెడిపోయిందని కొట్టకండి. ఇంతకాలం చెప్పడం మానేసిన గుర్రం మళ్లీ చెబుతోంది. జీను ఎక్కడ నొక్కుతోందో ఇప్పుడు వెతకండి.

కాలితో నేల తవ్వడం, పక్కలకు తిరిగి చూసుకోవడం, పదే పదే పడుకుని లేవడం, దొర్లడం, లద్దె ఆగిపోవడం కనిపిస్తే ఇవేవీ ఆలోచించకుండా మేత తీసేసి డాక్టర్‌ను వెంటనే పిలవండి. అది శూల, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

మూడు నెలలు అన్నీ చేసినా మార్పు లేకపోతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి, చాలాసార్లు దొరకని నొప్పి ఇంకా మిగిలి ఉంటుంది. నొప్పి లేదని తేలి, మీ ఇంట్లో చోటూ తోడూ ఇవ్వడం ఎంత ప్రయత్నించినా కుదరకపోతే, గుంపుగా గుర్రాలున్న తబేలాకు దాన్ని ఇచ్చేయడం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. ఇచ్చే ముందు ఒక రాత్రి అక్కడికి వెళ్లి, వాళ్ల గుర్రాల్లో ఎన్ని పడుకుని నిద్రపోతున్నాయో చూసి రండి.